స్టీవీ రే వాన్ 'టెక్సాస్ ఫ్లడ్' గిటార్ సౌండ్: 13 గేజ్ స్ట్రింగ్స్ నిజంగా కావాలా?

#1 నెక్_పికప్
బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ 1983 ఆల్బమ్ 'టెక్సాస్ ఫ్లడ్' సౌండ్ కోసం తంటాలు పడుతున్నా. నా దగ్గరున్నది మెక్సికో తయారీ స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్). మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు, ఫింగర్‌బోర్డు రేడియస్ (వంపు) 9.5 అంగుళాలు. స్ట్రింగ్స్ 10–46 (సన్నది 0.010 అంగుళం, లావుది 0.046), మామూలు 'ఈ' ట్యూనింగ్. ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్ పెడల్, దాని తర్వాత మోడలింగ్ యాంప్ (వేరే యాంప్‌ల ధ్వనిని అనుకరించేది). పెడల్ డ్రైవ్ నాబ్ గడియారంలో మూడు గంటల దగ్గర, అంటే బాగా ఎక్కువగా ఉంది. 'ప్రైడ్ అండ్ జాయ్' వాయిస్తే నోట్లు సన్నగా, గరగరగా వస్తున్నాయి. ఆల్బమ్‌లో ఉన్న బరువు లేదు. స్టీవీ రే 13 సెట్ (సన్న స్ట్రింగే 0.013 ఉన్నది) వాడేవాడని అందరూ అంటారు కదా, అదే కొనెయ్యనా? నెక్ తట్టుకుంటుందా?

#2 సోల్డర్_పొగ
ఇప్పుడే కొనకండి. ముందు గిటార్‌ని హాఫ్ స్టెప్ (ఒక ఫ్రెట్ అంత) కిందికి దించండి. లావు స్ట్రింగ్ నుంచి వరసగా ఈ ఫ్లాట్, ఏ ఫ్లాట్, డీ ఫ్లాట్, జీ ఫ్లాట్, బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్. ఆల్బమ్ వాయించింది ఆ ట్యూనింగ్‌లోనే. మీరు 'ఈ'లో ఉంచి ఆల్బమ్‌తో పాటు వాయిస్తే శ్రుతే కలవదు, టోన్ సంగతి తర్వాత.

హాఫ్ స్టెప్ దించితే ప్రతి స్ట్రింగ్ బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. 13 గురించి భయపడేవాళ్ళు ఈ లెక్క వెయ్యరు. 25.5 అంగుళాల స్కేల్ (స్ట్రింగ్ మోగే పొడవు) మీద మొదటి స్ట్రింగ్ చూడండి. 0.010 స్ట్రింగ్ 'ఈ'లో సుమారు 7.3 కిలోల బిగువు. 0.011 స్ట్రింగ్ 'ఈ ఫ్లాట్'లో 7.9. అదే 0.013 'ఈ'లో 12.4, 'ఈ ఫ్లాట్'లో 11 పైచిలుకు. అంటే 11 సెట్ వేసి కిందికి దించితే ఇప్పుడు మీ వేళ్ళకి అలవాటైన బిగువుకి కొంచెమే ఎక్కువ. 13కి వెళ్తే మొదటి స్ట్రింగ్ ఒకేసారి ఒకటిన్నర రెట్లవుతుంది.

ఇంకో సుఖం ఉంది. 10–46 సెట్ ఆరు స్ట్రింగ్స్ మొత్తం బిగువు 'ఈ'లో 46–47 కిలోలు. 11–49 సెట్ 'ఈ ఫ్లాట్'లో కూడా దాదాపు అంతే. కాబట్టి ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ), వెనక స్ప్రింగ్‌లు పెద్దగా ముట్టుకోనక్కర్లేదు. స్ట్రింగ్స్ మార్చి, ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలోనూ శ్రుతి సరిగ్గా ఉందా అన్నది) చూసుకుంటే చాలు.

#3 పన్నెండు_బార్లు
ఆయన సెట్ మొత్తం కావాల్సినవాళ్ళకి: 0.013, 0.015, 0.019, 0.028, 0.038, 0.058. జీహెచ్ఎస్ నికెల్ రాకర్స్. దుకాణంలో దొరికే 13 సెట్ ఇది కాదు. వాటిలో చాలావాటికి మూడో స్ట్రింగ్ చుట్టిన తీగ ఉంటుంది. ఆయనది చుట్టు లేని 0.019. చుట్టిన మూడో స్ట్రింగ్ మీద ఫుల్ బెండ్ (తీగని పక్కకి నెట్టి రెండు ఫ్రెట్లంత స్వరం పెంచడం) తియ్యాలంటే వేలు ఊడొస్తుంది, అయినా స్వరం చేరదు. 12 సెట్ కొన్నా కవర్ మీద మూడో నంబర్ చూసి కొనండి.

తమాషా ఏమిటంటే, ఈ సెట్‌లో భయపెట్టేది మొదటి స్ట్రింగ్ ఒక్కటే. 0.015, 0.019 'ఈ ఫ్లాట్' ట్యూనింగ్‌లో సుమారు 8.3 కిలోల చొప్పున ఉంటాయి. మామూలు 10 సెట్‌లో 'బీ' స్ట్రింగ్ 7, 'జీ' స్ట్రింగ్ 7.5. తేడా ఉంది కానీ ప్రాణం తీసేంత లేదు. బ్లూస్ బెండ్‌లలో ఎక్కువ భాగం ఆ రెండు స్ట్రింగ్స్ మీదే కదా.

#4 షఫుల్_మాస్టారు
అందరూ స్ట్రింగ్స్ దగ్గరే ఆగిపోయారు. ప్రశ్నలో అసలు రోగం డ్రైవ్ మూడు గంటల దగ్గర ఉండటం.

ఆ ఆల్బమ్‌లో డిస్టార్షన్ అనుకుంటున్నది చాలావరకు క్లీన్ యాంప్‌ని గట్టిగా తెరిచినప్పుడు వచ్చే చిట్లుడు. పెడల్ డ్రైవ్ పూర్తిగా కిందికి తిప్పండి, మహా అయితే తొమ్మిది గంటలు. లెవెల్ రెండు మూడు గంటలకి పెంచండి. టోన్ పన్నెండు. పెడల్ చెయ్యాల్సింది యాంప్‌ని ముందుకి తొయ్యడం, తను చిట్లడం కాదు. ఒక మెలిక ఉంది. ఇది పని చెయ్యాలంటే యాంప్ అప్పటికే చిట్లే అంచున ఉండాలి. అంతా క్లీన్‌గా ఉన్న యాంప్ ముందు లెవెల్ పెంచితే శబ్దం పెద్దదవుతుంది, అంతే. మోడలింగ్ యాంప్‌లో ఫెండర్ బ్లాక్‌ఫేస్ (1960ల నల్ల ప్యానెల్ యాంప్) తరహా మోడల్ ఎంచుకుని, గెయిన్ ఎంతవరకు పెంచాలంటే, మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా కొడితే కొంచెం గరుకుగా పలకాలి. మాస్టర్ వాల్యూమ్‌తో ఇంటికి సరిపడా తగ్గించుకోండి.

ట్యూబ్ స్క్రీమరే ఎందుకంటే, బ్లాక్‌ఫేస్ ఫెండర్ల టోన్ సర్క్యూట్ మధ్య ఫ్రీక్వెన్సీలని తవ్వేస్తుంది. ట్యూబ్ స్క్రీమర్ సుమారు 720 హెర్ట్జ్ దగ్గర ఉబ్బుగా ఉండి, అంతకంటే కింద బేస్‌ని కోస్తుంది. ఒకదాని గుంట మీద ఇంకొకదాని గుట్ట పడుతుంది. లావు స్ట్రింగ్స్ తెచ్చే బేస్ బురదగా మారకుండా ఆపేదీ ఆ కోతే. మార్షల్ తరహా మోడల్ ముందు ఇదే సెట్టింగ్ పెడితే ముక్కుతో పాడినట్టుంటుంది.

#5 నెక్_పికప్
డ్రైవ్ తగ్గించాక సంగతి అర్థమవుతోంది, కానీ ఇప్పుడు తప్పులన్నీ వినిపిస్తున్నాయి! షఫుల్‌లో (ఊగుతూ నడిచే బ్లూస్ లయలో) 'చక్' శబ్దం రావట్లేదు. ఇంకోటి, ఈ ఆల్బమ్‌లో తిరిగే స్పీకర్ కూడా ఉందని చదివాను, దానికి పెడల్ కావాలా?

#6 వినైల్_పిచ్చి
అది ఈ ఆల్బమ్ కాదు. ఫెండర్ వైబ్రటోన్ తిరిగే స్పీకర్ ప్రస్ఫుటంగా వినిపించేది 1984లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో, 'కోల్డ్ షాట్' పాటలో. రెండూ కలిపేసి చెబుతుంటారు.

రికార్డింగ్ సంగతి తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. 1982 జులైలో స్విట్జర్లాండ్‌లోని మాంత్రో జాజ్ ఉత్సవంలో వాన్ బృందం ముగ్గురూ వాయిస్తే జనంలో కొందరు వెక్కిరింపు కేకలు వేశారు. అక్కడే గాయకుడు డేవిడ్ బోవీ విన్నాడు, మరో గాయకుడు జాక్సన్ బ్రౌన్‌తో పరిచయమైంది. బ్రౌన్ లాస్ ఏంజిల్స్‌లోని తన స్టూడియోలో 72 గంటలు ఉచితంగా ఇచ్చాడు. ఆ నవంబర్‌లో వెళ్ళి, గిటార్, టామీ షానన్ బేస్, క్రిస్ లేటన్ డ్రమ్స్ కలిసి ఒకేసారి వాయించేశారు. సర్దుకోవడం పోను అసలు రికార్డింగ్‌కి పట్టింది రెండు రోజులు. ఇంజనీర్ రిచర్డ్ మలెన్. గాత్రం తర్వాత ఆస్టిన్‌లో మళ్ళీ పాడారు. ఆ టేపే నిర్మాత జాన్ హామండ్ చేతికి చేరి, 1983 జూన్ 13న ఎపిక్ కంపెనీ నుంచి ఆల్బమ్‌గా వచ్చింది. పది పాటలు, 39 నిమిషాలకి కొంచెం తక్కువ.

కాబట్టి మీరు వింటున్నది పొరలు పొరలుగా పేర్చిన గిటార్ కాదు. ఒక గిటార్, రెండు చేతులు. రిథమ్, లీడ్ రెండూ ఒకే మనిషి అప్పటికప్పుడు వాయిస్తున్నాడు. సోలో మొదలవగానే వెనక రిథమ్ గిటార్ మాయమవడం గమనించండి. ఆ ఖాళీని బేస్ మొయ్యాలి. రెండో రిథమ్ ట్రాక్ కలిపితే ఈ ఆల్బమ్ లక్షణమే పోతుంది.

#7 షఫుల్_మాస్టారు
'చక్' గురించి.

'ప్రైడ్ అండ్ జాయ్' చేతి ఆకారం 'ఈ'లో, వినిపించేది 'ఈ ఫ్లాట్'. ప్రతి బీట్‌నీ మూడు ముక్కలు చెయ్యండి. మొదటి ముక్కలో లావు స్ట్రింగ్స్ మీద బేస్ నోట్, పిక్ కిందికి. రెండో ముక్క ఖాళీ. మూడో ముక్కలో సన్న స్ట్రింగ్స్ మీద పిక్ పైకి. బేస్ నడుస్తూ ఉంటుంది, పై స్ట్రింగ్స్ ప్రతి బీట్ చివరా తలుపు తట్టినట్టు పలుకుతాయి. ఆ పైకి కొట్టే దెబ్బలో నోట్ ఎంతో, మూసిన స్ట్రింగ్స్ గీత శబ్దం అంత.

జనం తప్పేది ఇక్కడే. కావలసిన స్ట్రింగ్ మాత్రమే కొట్టాలని కుడి మణికట్టుని బిగిస్తారు, షఫుల్ చచ్చిపోతుంది. ఆయన కుడిచెయ్యి ఆరు స్ట్రింగ్స్ మీదుగా ధారాళంగా ఊగుతుంది. అక్కర్లేనివి నోరెత్తకుండా చూసేది ఎడమచెయ్యి. నోట్ నొక్కిన వేలి కొస పక్క స్ట్రింగ్‌ని తాకాలి, మిగతా వేళ్ళు సన్న స్ట్రింగ్స్ మీద బల్లపరుపుగా వాలాలి, బొటనవేలు నెక్ పైనుంచి వచ్చి ఆరో స్ట్రింగ్‌ని ఆనుకోవాలి. వేళ్ళు వాల్చి నొక్కకపోతే 'చక్'. ఐదో ఫ్రెట్, ఏడో ఫ్రెట్ మీద వాలితే హార్మోనిక్ ఈల వస్తుంది. అప్పుడు రెండు వేళ్ళు రెండు చోట్ల ఆనించండి.

పిక్ గుండ్రటి వైపు తిప్పి పట్టుకునేవాడు ఆయన. లావు స్ట్రింగ్స్‌ని మొనతో కొడితే 'టిక్' మంటుంది, గుండ్రటి అంచుతో అయితే 'థంప్'. ఈ ఒక్కటీ ఖర్చు లేని మార్పు, ఇవాళే చెయ్యొచ్చు.

#8 మెట్రోనోమ్
దీనికి ఒక కసరత్తు. మెట్రోనోమ్ నిమిషానికి 70 బీట్ల దగ్గర పెట్టి, ఎడమచెయ్యి పూర్తిగా వాల్చి, నోట్లు లేకుండా కుడిచెయ్యి షఫుల్ ఒక్కటే ఐదు నిమిషాలు. తర్వాత రెండు, నాలుగు బీట్ల మీద మాత్రమే క్లిక్ వినబడేలా పెట్టండి. అది కుదిరాక బేస్ నోట్లు కలపండి. ఆల్బమ్‌లో 'ప్రైడ్ అండ్ జాయ్' వేగం 120 దాటి ఉంటుంది. 100 దగ్గర హాయిగా ఊగకపోతే 120కి వెళ్ళకండి. వేగం పెరిగేకొద్దీ మూడు ముక్కల లెక్క చెదిరి రెండు సమాన ముక్కలవుతుంది, వినేవాడికి అది రాక్ రిథమ్‌లా వినిపిస్తుంది.

ఇదే ఆల్బమ్‌లోని 'రూడ్ మూడ్' జోలికి అప్పుడే పోకండి. 260 పైచిలుకు వేగం. లైట్నిన్ హాప్కిన్స్ వాయించిన పాత బూగీ దాని మూలం. వేగం కంటే చేతి సడలింపు పరీక్ష అది. ముంజేయి బిగిసిన మరుక్షణం ఆపెయ్యాలి.

#9 పాతపాటల_పెట్టె
టోన్ వేళ్ళలోనే ఉంటుంది బ్రదర్. ఇదంతా అనవసరం.

#10 సోల్డర్_పొగ
ఆ మాటతో ఎవరి గిటారూ బాగుపడదండీ. ఏ వేలు, ఎక్కడ, ఎంత అన్నది చెబితే ఉపయోగం.

#11 పాతపాటల_పెట్టె
సరే, చెబుతా. 'టెక్సాస్ ఫ్లడ్' పాటే తీసుకోండి. చేతి ఆకారం 'జీ'లో, మూడో ఫ్రెట్ పెంటాటోనిక్ పెట్టె (ఐదు స్వరాల స్కేల్ ఒకేచోట వాయించే వేళ్ళ అమరిక). బీట్ మూడు ముక్కలుగా నడిచే నిదానం బ్లూస్, నిమిషానికి సుమారు 60 బీట్లు. ఇందులో మూడు రకాల బెండ్‌లని వేరుగా సాధన చెయ్యాలి. మూడో స్ట్రింగ్ మూడో ఫ్రెట్ మీద పావు వంతు బెండ్. మైనర్, మేజర్ థర్డ్‌ల మధ్య ఎక్కడో ఆగాలి, పూర్తిగా చేరకూడదు. మూడో స్ట్రింగ్ ఐదో ఫ్రెట్ నుంచి ఫుల్ బెండ్, 'సీ' నుంచి 'డీ'కి. రెండో స్ట్రింగ్ ఆరో ఫ్రెట్ నుంచి ఫుల్ బెండ్, 'ఎఫ్' నుంచి 'జీ'కి. ఫుల్ బెండ్ అంటే స్ట్రింగ్ బిగువు సుమారు 26 శాతం పెంచాలి. ఒక్క వేలితో అది అవదు. ఉంగరం వేలితో బెండ్ చేస్తే వెనక మధ్యవేలు, చూపుడువేలు కూడా అదే స్ట్రింగ్‌ని తొయ్యాలి. తలుపు గొళ్ళెం తిప్పినట్టు మణికట్టు తిరగాలి, వేళ్ళు వంగి నిఠారవడం కాదు. వీణ తెలిసినవాళ్ళు తీగని మెట్టు మీద పక్కకి లాగి గమకం పలికిస్తారు కాబట్టి, చేరాల్సిన స్వరం చెవిలో ముందే ఉంటుంది. వాళ్ళకి ఇది త్వరగా పట్టుబడుతుంది.

ఇంకొకటి. ఈ పాట ఆయనది కాదు. లారీ డేవిస్ 1958లో డ్యూక్ కంపెనీకి పాడినది, గిటార్ ఫెంటన్ రాబిన్సన్. ఆ పాత రికార్డు విన్నాక వాన్ ఏది ఉంచాడో, ఏది పెంచాడో తెలుస్తుంది. 'మేరీ హ్యాడ్ ఎ లిటిల్ ల్యాంబ్' బడ్డీ గై వెర్షన్, 'టెల్ మీ' హౌలిన్ వుల్ఫ్‌ది, 'టెస్టిఫై' ఐస్లీ బ్రదర్స్‌ది, అందులో గిటార్ కుర్ర జిమి హెండ్రిక్స్. ఈ నాలుగూ వినకుండా పెడల్స్ కొనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

#12 సోల్డర్_పొగ
ఇప్పుడు విషయం వచ్చింది. ఒళ్ళు మంట కూడా న్యాయమే.

13 వెయ్యాలనే పట్టుదల ఉన్నవాళ్ళకి సెటప్ క్రమం చెబుతున్నా, ఎందుకంటే సగంలో ఆపితే గిటార్ పాడవుతుంది.

మొదట నట్ (హెడ్‌స్టాక్ దగ్గర స్ట్రింగ్స్ ఆనే గాడుల పట్టీ). 46 కోసం కోసిన గాడి సుమారు 1.2 మిల్లీమీటర్లు. 0.058 స్ట్రింగ్ మందం 1.47. అది గాడిలో దిగదు, పైన కూర్చుంటుంది. అప్పుడు మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కిన ప్రతి నోటూ షార్ప్ అవుతుంది. నట్ ఫైళ్ళతో వెడల్పు చెయ్యాలి, లోతు కాదు. లోతు ఎక్కువైతే ఓపెన్ స్ట్రింగ్ బజ్ అంటుంది, నట్టే మార్చాలి.

రెండోది బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్ ఆనే చోటు). బిగువు పెరిగితే ముందుకి లేస్తుంది. వెనక పలక తీసి ఐదు స్ప్రింగ్‌లు వేసి, క్లా (స్ప్రింగ్‌లు తగిలించే పలక) స్క్రూలు రెండూ సమానంగా బిగించండి. మూడోది ట్రస్ రాడ్. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ నొక్కి పట్టి ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర సందు చూడండి. 9.5 రేడియస్‌కి పావు మిల్లీమీటరు సరిపోతుంది. ఒక విడతకి పావు చుట్టు మాత్రమే తిప్పి, తెల్లారి మళ్ళీ చూడండి. తర్వాత యాక్షన్ (ఫ్రెట్ మీద స్ట్రింగ్ ఎత్తు): 17వ ఫ్రెట్ దగ్గర 1.6 మిల్లీమీటర్లు కంపెనీ కొలత. ఈ సంగీతానికి 2 వరకు పెంచినా తప్పులేదు, గట్టిగా కొట్టినప్పుడు స్ట్రింగ్‌కి ఊగే చోటుండాలి. చిట్టచివర ఇంటొనేషన్. క్రమం తప్పితే చేసిందే మళ్ళీ చెయ్యాలి.

పికప్ ఎత్తు మరిచిపోకండి. లావు స్ట్రింగ్స్‌ని అయస్కాంతాలు ఎక్కువ లాగుతాయి. చివరి ఫ్రెట్ నొక్కినప్పుడు లావు వైపు 2.4, సన్న వైపు 2 మిల్లీమీటర్ల కంటే దగ్గరకి రానివ్వకండి. దగ్గరైతే 12వ ఫ్రెట్ పైన ఒకే నోట్ రెండు స్వరాల్లా అల్లాడుతుంది. దాన్ని ఇంటొనేషన్ తప్పు అనుకుని శాడిల్స్ తిప్పుతూ కూర్చుంటారు.

ఆయన 'నంబర్ వన్' స్ట్రాట్‌కి ఎడమచేతి వాళ్ళ ట్రెమొలో (బార్ నొక్కితే స్వరం ఊగే బ్రిడ్జ్), పెద్ద జంబో ఫ్రెట్లు ఉండేవి. ట్రెమొలో ఏ వైపున్నా టోన్‌కి తేడా లేదు. జంబో ఫ్రెట్లు మాత్రం నిజమైన తేడా. వేలి కింద చెక్క తగలదు, అందుకే 13 మీద కూడా బెండ్‌కి పట్టు దొరుకుతుంది. అన్నట్టు, తర్వాతి ఏళ్ళలో వేళ్ళు చెడి ఆయన కూడా సన్న స్ట్రింగ్స్‌కి దిగాడు. మనకెందుకు పంతం?

#13 ఫ్రిస్కో_తెలుగు
డల్లాస్ పక్కన ఉంటాను. డిసెంబర్లో హైదరాబాద్ వస్తూ ఫెండర్ యాంప్ ఒకటి తేవచ్చా? వాన్ వాడిన వైబ్రోవెర్బ్ దొరకడం కష్టం. ట్విన్ రివర్బ్ చూస్తున్నా.

#14 లోవోల్టేజ్
ట్విన్ వద్దు. '65 ట్విన్ రీఇష్యూ సుమారు 29 కిలోలు, ఎకానమీ బ్యాగ్ సాధారణంగా 23 కిలోలు. పైగా 85 వాట్లు, అపార్ట్‌మెంట్‌లో చిట్లే అంచుకి తెస్తే పై అంతస్తు వాళ్ళు కిందికి దిగుతారు. '65 డీలక్స్ రివర్బ్ సుమారు 19 కిలోలు, 22 వాట్లు, ఒక 12 అంగుళాల స్పీకర్. అట్టపెట్టెతో కలిపి కూడా 23 లోపు పట్టించవచ్చు. 1964 వైబ్రోవెర్బ్ 40 వాట్లు, ఒకే 15 అంగుళాల స్పీకర్. డీలక్స్‌లో దానంత నిండుగా బేస్ ఉండదు, త్వరగా చిట్లుతుంది. ఇంట్లో అదే నయం. స్టూడియోలో వాన్ తన వైబ్రోవెర్బ్‌లతో పాటు బ్రౌన్‌గారి డంబుల్ యాంప్ కూడా వాడాడు. తర్వాత తనూ ఒక డంబుల్ కొనుక్కున్నాడు. వాటి ధరలు మన సంభాషణలోకి వద్దు.

అసలు సమస్య కరెంటు. అమెరికా మోడల్ 120 వోల్టులు, మనది 230. నేరుగా పెడితే ఫ్యూజ్ పోతుంది, అదృష్టం లేకపోతే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. మిక్సీల కోసం అమ్మే చవక కన్వర్టర్లు వద్దు. 500 వీఏ స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. రెండు వైపులా మూడు పిన్నులుండి, ఎర్త్ నేరుగా కలిసి ఉండాలి. ఎర్త్ లేని ప్లగ్గుతో వాడితే హమ్ ఒక్కటే కాదు, మైక్ పెదవికి తగిలినప్పుడు షాక్ కొడుతుంది. మన దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి 60 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్ కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. వెనక వైపు గాలి ఆడేలా గోడకి ఎడంగా పెట్టండి. వీలుంటే ఇక్కడే 230 వోల్టుల మోడల్ కొనడం మేలు.

తెస్తే ట్యూబులన్నీ తీసి, ఏది ఏ సాకెట్‌దో రాసి, విడిగా బట్టలో చుట్టి చేతిసంచిలో పెట్టుకోండి. రివర్బ్ ట్యాంక్ సంచిలో స్ప్రింగ్‌లు ఊగకుండా మెత్తటి కాగితం కుక్కండి.

#15 విశాఖ_గాలి
సముద్రం పక్కన ఉండేవాళ్ళకి: పూత లేని నికెల్ స్ట్రింగ్స్‌కి వారాల్లోనే తుప్పు చుక్కలు పడతాయి. తుప్పు పట్టిన స్ట్రింగ్ బెండ్‌లో ఫ్రెట్‌ని అరగదీస్తుంది. వాయించాక పొడి గుడ్డతో స్ట్రింగ్ కింద నుంచి కూడా తుడవండి. వానాకాలంలో నెక్ కదులుతుంది, రిలీఫ్ (ట్రస్ రాడ్‌తో సరిచేసే ఆ సందు) నెలకోసారి చూసుకోండి. స్ట్రింగ్స్ ఎక్కువగా తెగేది శాడిల్ (బ్రిడ్జ్ మీద స్ట్రింగ్ ఆనే ముక్క) దగ్గర. అక్కడ అంచు గరుకుగా ఉంటే 1000 నంబర్ ఎమరీ కాగితంతో నునుపు చెయ్యండి.

#16 వినైల్_పిచ్చి
ఏ ఎడిషన్ కొనాలని ఎవరూ అడగలేదు కానీ చెబుతా. 1999 సీడీలో ఇదే రికార్డింగ్‌లో మిగిలిపోయిన 'టిన్ పాన్ ఆలీ' ఉంది. 2013 ఎడిషన్‌లో రెండో డిస్క్‌గా 1983 అక్టోబర్ ఫిలడెల్ఫియా కచేరీ ఉంది. సాధనకి ఆ రెండో డిస్క్ బంగారం. అవే పాటలు స్టేజి మీద ఎంత మారాయో పక్కపక్కన వినొచ్చు.

#17 నెక్_పికప్
11–49 వేసి 'ఈ ఫ్లాట్'కి దించాను. డ్రైవ్ సున్నా, పిక్ గుండ్రటి వైపు. బరువు వచ్చింది. రెండు ఇబ్బందులు: మూడో స్ట్రింగ్ బెండ్ చేసి వదిలితే ఫ్లాట్ అవుతోంది, ట్యూన్ చేసేటప్పుడు 'టింగ్' అంటోంది. ఇదే ఆల్బమ్‌లోని 'లెన్నీ'లో ట్రెమొలో బార్ వాడితే అంతా చెదిరిపోతోంది.

#18 సోల్డర్_పొగ
'టింగ్' అంటే నట్ గాడిలో స్ట్రింగ్ ఇరుక్కుంటోంది. 11 సెట్‌లో మూడోది 0.018, మీ గాడి 0.017కి కోసింది. స్ట్రింగ్ పక్కకి జరిపి, గాడిలో మెత్తటి పెన్సిల్ గ్రాఫైట్ రుద్దండి. తగ్గకపోతే 0.020 ఫైలుతో రెండే రెండు రుద్దులు, హెడ్‌స్టాక్ వైపు వాలుగా. ట్యూనర్ మీద చుట్లు మూడు మించితే విప్పి మళ్ళీ చుట్టండి.

'లెన్నీ'కి బార్ చాలా తక్కువ కదలాలి. ఆ మేజర్ కార్డులు మోగుతుండగా బార్‌ని కిందికి అంగుళంలో పావు వంతు నొక్కి వదలడమే, వేళ్ళతో పట్టి లాగడం కాదు. బ్రిడ్జ్ ముందున్న ఆరు స్క్రూలలో మధ్య నాలుగు పావు చుట్టు వదులు చేసి, రెండు చివరివే ఇరుసుగా ఉంచండి. ఆ రెండు స్క్రూల మెడ దగ్గర ఒక చుక్క మెషీన్ ఆయిల్. అప్పటికీ తిరిగి రాకపోతే స్ప్రింగ్ హుక్కులు బ్లాక్ రంధ్రాల్లో పూర్తిగా దిగాయో లేదో చూడండి.